మూడో తీగ

చనిపోయిందన్న మనిషి గుమ్మంలో కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది.

తామరై స్కూటీ దిగి గేటు దగ్గరే నిలబడిపోయింది. దారి పొడవునా పరామర్శ మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. లోపల ఫొటోకి దండ, పక్కన దీపం, మూల కూర్చున్న మొగుడు కనిపిస్తారనుకుంది. కనిపించింది మాత్రం కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో, నోటి నిండా వక్కతో ఒక బొద్దు మనిషి.

"మారాత్తాళ్ గారిల్లు ఇదేనాండీ?"

"ఇదే. నేనే. పిండి కోసమైతే లేదమ్మా, మిషను లేదు. పక్క వీధిలో అడుగు."

తామరైకి నవ్వాగలేదు. గేటు పట్టుకుని నవ్వేసింది.

"నవ్వెందుకమ్మా?"

"మీరు బతికున్నందుకు."

మారాత్తాళ్ వక్క ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంది. "చచ్చానని ఎవరు చెప్పారు? మా కోడలా?"

కోడలు కాదు. చెప్పింది ఒక పూలమ్మే తల్లి. నిన్న సాయంత్రం తామరై డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా చెప్పింది. ఆమె కూతురు ఇళవరసి మయూరవేల్ గ్రైండర్ల కంపెనీలో టెస్టింగు పని చేస్తుంది. తయారైన ప్రతి మిషనూ షాకు కొట్టకుండా ఉందో లేదో చూసి పంపడం ఆ పిల్ల పని. నాలుగైదు రోజుల క్రితం ఎవరి నంబరు నుంచో ఫోన్ చేసింది. "అమ్మా, సింగానల్లూరులో పిండమ్మే మారాత్తాళ్ అనే ఆవిడ నా వల్ల చచ్చిపోయింది. నేను సరిగ్గా చూడకుండా పంపిన మిషను షాకు కొట్టిందట. పోలీసులు వస్తారు. నా కోసం వెతకొద్దు." అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ ఆచూకీ లేదు.

తామరై గడప మీద చతికిలబడి ఇదంతా చెప్పింది. వింటున్నంతసేపూ మారాత్తాళ్ చేతిలో ఉల్లిపాయ కదల్లేదు.

"అయ్యో పాపం! ఎవరి పిల్లో. నేను చచ్చిపోయాననుకుని ఏడుస్తోందా? నేను నిజంగా పోయినా మా ఇంట్లో అంతగా ఏడ్చేవాళ్లు లేరే!"

"అక్కా, ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. తర్వాత ఊరంతా వెతికి ఆ పిల్లని పట్టుకుంటాను."

మారాత్తాళ్ చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం. మధ్యలో మరిదిగారి భూమి తగాదా కూడా వచ్చింది. అయినా తామరై ఏరుకోవాల్సింది ఏరుకుంది. తెల్లారాక మినప్పప్పు వేసింది. మిషను తిరుగుతోంది. చెంబుతో నీళ్లు పోస్తూ రెండో చేత్తో స్టీలు డ్రమ్ము ముట్టుకుంది. ఎవరో వెనక నుంచి తన్నినట్టయింది. చెయ్యి అతుక్కుపోయింది. చెంబు పడిన చప్పుడుకి పక్కింటాయన పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపాడు. ఆస్పత్రిలో పడుకుంది, ఇంటికొచ్చింది. ఆమె వచ్చేసరికి కంపెనీ వాళ్లొచ్చి మిషను పట్టుకుపోయారు.

"ఎవరిచ్చారు?"

"మా ఆయన. రిపేరన్నారట, ఇచ్చేశాడు. ఇంటి తాళమడిగినా ఇచ్చేవాడే."

"మీ ఇంటి వైరింగులో లోపం లేదు కదా?"

"కరెంటాఫీసు వాళ్లొచ్చి గోడ గోడా తడిమి చూశారమ్మా. ఇంట్లో తప్పేమీ లేదు, మిషనుదే అన్నారు."

"ఆ మిషన్ని అంతకు ముందు ఎవరైనా విప్పారా?"

"విప్పడమెందుకు? వైరు మార్చారు. మొదట ఇచ్చింది పొట్టి వైరు. స్విచ్చు దాకా అందేది కాదు. ఊళ్లో అందరూ అదే గొడవ పెడితే కంపెనీ వ్యాను ఇంటింటికీ వచ్చి ఊరికే పొడుగు వైరు వేసి వెళ్లింది. ఆ మర్నాటికి మర్నాడే నన్ను తన్నింది."

తామరై చటుక్కున లేచింది. "పాత వైరు వాళ్లు పట్టుకుపోయారా?"

"ఎలా పట్టుకుపోతారు? ఇమ్మని అడిగారు. నా సొమ్ముతో కొన్న వైరు నీకెందుకివ్వాలి నాయనా అన్నాను. పెరట్లో ఉంది, చూడు."

పెరట్లో జామచెట్టు కొమ్మకీ బాత్రూము గోడ మేకుకీ మధ్య నల్లటి వైరు ఒకటి బిగించి ఉంది. పొడుగు చాలక ఒక చివర కొబ్బరితాడు ముడివేశారు. దాని మీద రెండు తువ్వాళ్లు, ఒక జాకెట్టు ఆరుతున్నాయి.

తామరై బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంది. వైరుని ముట్టుకోకుండా ముందు ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసింది. ఒక కొసన మూడు పిన్నుల ప్లగ్గు. రెండో కొసన సర్వీసు వాడు కత్తిరించిన చోట తీగలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఎరుపు. నలుపు. వాటి మధ్య ఆకుపచ్చ. మిషను ఒంటికి కరెంటు ఎక్కితే మనిషిని వదిలిపెట్టి నేలలోకి లాక్కుపోయే తీగ అదే. ఆ రోజు మిషనుకి అది ఉండి ఉంటే మారాత్తాళ్ ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయేది తప్ప మారాత్తాళ్ ఎగిరిపడేది కాదు.

ప్లగ్గు వెనక గోరంత ఊదారంగు చుక్క ఉంది. తామరైకి పూలమ్మే తల్లి మాట గుర్తొచ్చింది. "పాసయిన మిషనుకి రంగు చుక్క పెడుతుందండీ. ఎంత కడిగినా మా పిల్ల గోళ్లకి ఊదారంగు పోదు."

వైరు మెడకి అల్యూమినియం ఉంగరం, దాని మీద నంబరు. తామరై వంటింట్లోకి నడిచింది. మిషను మోటారుని ఎత్తుకుపోయినవాళ్లు స్టీలు డ్రమ్ముని మాత్రం వదిలేశారు. అందులో మారాత్తాళ్ చింతపండు పోసుకుంది. చింతపండంతా చేటలోకి వంచి డ్రమ్ము తిప్పి చూసింది. అడుగున అదే నంబరు కొట్టి ఉంది.

"అక్కా, ఈ డ్రమ్మూ ఆ వైరూ ఎవరికీ ఇవ్వకండి. మీ ఆయనకి కూడా."

"ఆయనకి అసలే ఇవ్వను."

బయట కారు ఆగిన చప్పుడైంది.

ముందుగా లోపలికొచ్చింది అట్టపెట్టె మోస్తున్న డ్రైవరు. పెట్టె మీద కొత్త గ్రైండరు బొమ్మ. వెనకనే తెల్ల చొక్కా, నెరిసిన మీసం, పోలీసు నడక. మాసిలామణి. ఒకప్పుడు తామరై సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేరిన స్టేషన్లో ఆయనే ఇన్‌స్పెక్టరు. కేసెలా కట్టాలో ఆమెకి నేర్పింది ఆయనే. కేసులెలా మూయిస్తారో చూసి ఆమె ఉద్యోగం మానేసింది కూడా ఆ స్టేషన్లోనే. రిటైరయ్యాక ఆయన మయూరవేల్ కంపెనీ సెక్యూరిటీ పెద్దగా చేరాడు.

"ఏమ్మా తామరై! పెళ్లి సంబంధాల ఆరాలు మానేసి గ్రైండర్ల మీద పడ్డావా?"

"మీరు దొంగల్ని పట్టడం మానేసి గ్రైండర్లు మోయిస్తున్నారుగా సార్. తోడుగా ఉందామని."

ఆయన నవ్వలేదు. మారాత్తాళ్ వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు. "అమ్మా, కొత్త మిషను. మా ముదలాళి, కంపెనీ ఓనరు గారు, స్వయంగా పంపించారు. ఆస్పత్రి ఖర్చంతా కంపెనీదే. ఇక్కడొక వేలిముద్ర వేస్తే చాలు."

"కాగితం మీద ఏముంది?" అంది తామరై.

"ఫిర్యాదు లేదని. మామూలే."

"పాత మిషను ఎక్కడ సార్?"

"తుక్కులో వేసేశాం."

"ప్రమాదం జరిగిన మిషన్ని తుక్కు చేసి, గాయపడినావిడతో ఫిర్యాదు లేదని రాయించుకుంటారు. మీరే నేర్పారు నాకు, వస్తువు మాయమైన చోట ముందు మాయం చేసినవాడి మొహం చూడమని."

మాసిలామణి మొహం ఎర్రబడింది. "ఏం చేస్తావు? వినియోగదారుల కమిషన్లో కేసు వేయిస్తావా? ఆవిడ పిండి అమ్ముకుంటోంది. అది వ్యాపారం. వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారు. ఆ గుమ్మం కూడా ఎక్కలేదు."

మారాత్తాళ్ భయంగా తామరై వైపు చూసింది.

"పదిమందిని పెట్టి మిల్లు నడిపితే మీ మాట నిజం సార్. పొట్టకూటి కోసం తన చేత్తో తను రుబ్బుకునే మనిషి వినియోగదారే. చట్టంలోనే రాసి ఉంది, మీ వకీలు ఆ పేజీ తిప్పలేదేమో. తయారుచేసినవాడూ జవాబుదారే, బాగుచేస్తానని వచ్చి పాడుచేసినవాడూ జవాబుదారే."

"వకీలుకి ఇచ్చుకునే శక్తి నాకెక్కడిదమ్మా?" అంది మారాత్తాళ్.

"వకీలు అక్కర్లేదక్కా. మీరే వేసుకోవచ్చు, ఇక్కడే, మీరున్న ఊళ్లోనే. కంపెనీ ఎక్కడుంటే అక్కడికి తిరగనక్కర్లేదు."

మాసిలామణి అరచెయ్యి ఎత్తాడు. "సరే, తప్పు జరగలేదని ఎవరన్నారు? టెస్టింగు పిల్ల పని ఎగ్గొట్టింది. తన చేత్తో రాసి ఇచ్చింది. పనిలోంచి తీసేశాం. అక్కడితో అయిపోయింది."

"ఆరోపణ ఏమిటో ఆ పిల్లకి రాసి ఇచ్చారా? జవాబు చెప్పుకోమన్నారా? విచారణ జరిపారా?"

"ఒప్పుకున్నాక విచారణ ఎందుకు?"

"ఎలా ఒప్పుకుందో తెలియడానికి. బెదిరించి రాయించుకున్నది లేబరు కోర్టులో చెల్లదు సార్. చెల్లినా ఈవిడ ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది కంపెనీ. పనిపిల్లని ముందుకి తోసి వెనక దాక్కోవడం కుదరదు." తామరై ఒక అడుగు ముందుకి వేసింది. "ఇంతకీ మారాత్తాళ్ చచ్చిపోయిందని ఆ పిల్లతో ఎవరు చెప్పారు?"

మాసిలామణి చేతిలో కాగితం మడతపెట్టాడు. పెరట్లో కాకి అరిచింది.

"చెప్పండి నాయనా," అంది మారాత్తాళ్, ఎంతో మర్యాదగా. "నా చావు కబురు నాకూ తెలియాలిగాండీ?"

మాసిలామణి చూపు తిప్పుకున్నాడు. "నాకు తెలియదు. ఆ పిల్ల భయపడి పారిపోయింది. ఎక్కడుందో నాకేం తెలుసు?"

తామరై అప్పుడు ఆయన మొహం చూడటం లేదు. కాళ్లు చూస్తోంది. నల్ల సాక్సుల మీద, ప్యాంటు అంచున, చెమట పట్టిన కాలరు మడతలో, సన్నటి నలుసులు. దూది నలుసులు. తెల్లవి కావు, నీలివి. గ్రైండర్ల కంపెనీలో బట్టల మీద పడేది రాతిపొడి. నీలం దూది ఎగిరేది రంగు వేసిన దూదిని వడికే మిల్లులో. ఆ చుట్టుపక్కల అలాంటిది ఒక్కటే ఉంది, పల్లడం రోడ్డు మీద. అందులో ఆడపిల్లల హాస్టలు కూడా ఉంది.

ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.

"మిషను ఇక్కడే పెట్టి వెళ్తాం. ఆలోచించుకోండి," అన్నాడాయన.

"వద్దండీ, తీసుకెళ్లండి," అంది మారాత్తాళ్. "వైరెంత పొడుగుందో అని భయంగా ఉందండీ."

కారు ఎక్కుతూ మాసిలామణి కిటికీలోంచి వేలు చూపించాడు. "తామరై, నీ ఆఫీసు బోర్డు ఎన్నాళ్లుంటుందో చూసుకో."

"పడిపోతే మళ్లీ కట్టుకుంటాను సార్. తాడుంది, చెట్టుంది."

*

మిల్లు హాస్టలు వార్డెను పేరు రెజీనా. నడుముకి తాళాల గుత్తి, మెడలో సన్నటి సిలువ, కళ్ల కింద నిద్రలేని నలుపు. తామరై అడిగిన మొదటి ప్రశ్నకే తల అడ్డంగా ఊపింది.

"ఇళవరసీనా? ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరు."

"పేరు వదిలేయండి. కొత్తగా వచ్చి, పనిలోకి వెళ్లకుండా గదిలో కూర్చుని ఏడుస్తున్న అమ్మాయి ఉందా?"

రెజీనా చెయ్యి తాళాల మీదికి వెళ్లింది. ఆ చెయ్యి చూశాక తామరైకి ఇంకో ప్రశ్న అక్కర్లేకపోయింది.

"అమ్మా, మేజరైన మనిషిని గదిలో పెట్టి, ఫోను లాక్కుని, తాళం వేస్తే దాన్ని ఏమంటారో తెలుసా? నిర్బంధం. జైలుకి పంపే నేరం. రేపు పోలీసులొస్తే మాసిలామణి సారు పేరు ఎక్కడా ఉండదు. తాళం ఎవరి నడుముకుందో వాళ్ల పేరే ఉంటుంది."

"నేను బంధించలేదు!" రెజీనా తాళాల మీంచి చెయ్యి తీసేసింది. "పోలీసుల నుంచి కాపాడాలి, కొన్నాళ్లు దాచమన్నారు. పెద్దమనిషి కదా, నమ్మాను. ఆ పిల్ల అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగదు. పొద్దస్తమానం చేతులు కడుక్కుంటుంది. ఆ పిల్ల ఏమైనా చేసుకుంటుందేమోనని రాత్రిళ్లు గుమ్మం దగ్గరే పడుకుంటున్నాను. తీసుకుపోండి, మీకు పుణ్యముంటుంది."

ఆమె ముందు నడిచి గది తెరిచింది.

ఇళవరసి గోడకి జారగిలబడి ఉంది. పాతికేళ్లకి కాస్త ఎక్కువ. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గోళ్లు ఊదారంగు.

"పోలీసా?" అంది లేవకుండానే.

"ఒకప్పుడు. ఇప్పుడు మీ అమ్మ పంపిన మనిషిని."

"వెతకొద్దని అమ్మకి చెప్పాను కదా." మాటలు మెల్లగా వస్తున్నాయి. "మేడమ్, నిజం చెబుతున్నాను, నాకు గుర్తు రావడం లేదు. ఆ మిషను చూశానా, చూడకుండా చుక్క పెట్టేశానా? రోజూ అన్ని మిషన్లు కళ్ల ముందు నుంచి పోతాయి. ఒక్కటి వదిలేశానేమో. ఆ ఒక్కటే ఆవిడింటికి వెళ్లిందేమో. సార్ అడుగుతుంటే నాకే అనుమానం వచ్చింది. అందుకే రాసి ఇచ్చేశాను. ఆవిడకి పిల్లలున్నారా మేడమ్?"

తామరై ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది. తెర మీద ముందు ఒక పైకప్పు, తర్వాత ఒక చెవి, చివరికి వక్క నములుతున్న మొహం కనిపించాయి.

"ఇదిగో అమ్మాయ్," అంది మారాత్తాళ్. "నన్ను చంపింది నువ్వేనటగా?"

ఇళవరసి ఫోన్ వైపు చూసింది. తామరై వైపు చూసింది. మళ్లీ ఫోన్ వైపు చూసింది.

"నేనేనే, మారాత్తాళ్‌ని! దెయ్యాన్ని కాదు. ఇదిగో చెయ్యి, కట్టు విప్పడానికింకా టైముందన్నారు. నీ సంగతి విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. నువ్వు తిన్నావా?"

ఇళవరసి నోరు తెరిచింది. ముందు భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఏడ్చిన ఏడుపు కాదిది. చిన్నపిల్లలా గొంతెత్తి, సిగ్గు లేకుండా, ముక్కు కారుతుండగా ఏడ్చింది. ఫోన్లో మారాత్తాళ్ కూడా ఏడుస్తోంది. గుమ్మంలో రెజీనా సిలువ పట్టుకుని కళ్లు మూసుకుంది. తామరై కిటికీ వైపు తిరిగింది. అన్నేళ్లు పోలీసు ఉద్యోగం చేసినా చచ్చిందనుకున్న మనిషి బతికే ఉందని చెప్పే అవకాశం ఆమెకి ఏనాడూ రాలేదు.

"ఆకలేస్తోంది," అంది ఇళవరసి ఎప్పటికో.

రెజీనా పరుగెత్తింది. పెరుగన్నం, దబ్బకాయ ఊరగాయ గిన్నెతోనే తెచ్చి ముందు పెట్టింది. ఆ పిల్ల తింటుంటే తామరై సంచీలోంచి వైరు తీసింది. మారాత్తాళ్ ముందు ఫొటోలు తీసుకుని, పక్కింటాయన్ని సాక్షిగా పెట్టుకుని, మూట కట్టి తెచ్చింది.

ప్లగ్గు వెనక చుక్క చూడగానే ఇళవరసి నమలడం ఆపేసింది. "ఇది నాదే."

"మారాత్తాళ్ మిషనుతో వచ్చిన వైరు. మూడు తీగలూ ఉన్నాయి, చూసుకో. నీ చేతి మీదుగా వెళ్లినప్పుడు ఆ మిషను మంచిదే. పొడుగు వైరు వేశాకే పాడైంది."

ఇళవరసి ఎంగిలి చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని చాలాసేపు ఆ ఆకుపచ్చ తీగ వంక చూసింది. మొహంలో రక్తం కదలడం కనిపించింది.

"పొడుగు వైర్లు టెస్టింగుకి రానేలేదు మేడమ్. నేరుగా వ్యానుల్లోకి ఎక్కించారు. ఒకటి నా బల్ల దగ్గర పడితే తీసి చూశాను. పిన్నులు మూడున్నాయి కానీ వైరు సన్నగా, తేలిగ్గా ఉంది. ఇందులో ఎర్తు తీగ ఉందా అని మేనేజరుని అడిగాను. నీకెందుకన్నాడు. ఆ తర్వాతే సార్ నన్ను పిలిపించారు."

తామరైకి అర్థమైంది. పని ఎగ్గొట్టిందని తీసెయ్యలేదన్నమాట. పని సరిగ్గా చేసిందనే తీసేశారు.

"ఆ వైరు ఒక్కటి దొరికితే చాలు. ఎక్కడైనా ఉంటుందా?"

"ఉండదేమో మేడమ్. నన్ను తీసుకొస్తున్నప్పుడు డ్రైవరు చెప్పాడు, వ్యానులన్నీ మళ్లీ ఇంటింటికీ తిరిగి వాటిని తీసేసి మంచివి వేస్తున్నాయని. జనానికి ఇంక భయం లేదు." ఆమె ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఆఫీసు వాళ్ల ఇళ్లు తప్ప. దీపావళికి వాళ్లకి ఊరికే ఇచ్చిన మిషన్లు. అమ్మినవాటిలో లెక్కకి రావు. వాటి జోలికి ఎవరూ వెళ్లి ఉండరు. పొడుగు వైరు మొదట వేయించుకుంది మాసిలామణి సారిల్లే. వాళ్లావిడకి స్విచ్చు అందడం లేదని..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట ఎండ వాలుతోంది. ఆ వేళకి ఊళ్లో ఏ ఇంట్లో చూసినా రేపటి ఇడ్లీకి పిండి రుబ్బుతుంటారు.

తామరై నంబరు నొక్కింది. మాసిలామణి ఎత్తాడు.

"సార్, మీ ఇంట్లో గ్రైండరు ఆపించండి. వెంటనే."

"ఇదేం కొత్త నాటకం?" ఫోన్ కట్టయింది. మళ్లీ చేసింది. కట్టయింది.

ఇళవరసి చెయ్యి చాచింది. "నాకివ్వండి." రెజీనా ఫోన్ నుంచి చేసింది. ఆ నంబరు చూసి ఆయన ఎత్తాడు.

"సార్, ఇళవరసిని."

"నీకు ఫోన్ ఎవరిచ్చారు?"

"అది తర్వాత తిట్టండి సార్. మీ ఇంట్లో పొడుగు వైరుంది. మారాత్తాళ్ గారింట్లో ఉన్నదే. అమ్మగారు రుబ్బుతుంటే మిషన్ని ముట్టుకోవద్దనండి. ప్లగ్గు కూడా పీకొద్దనండి, ముందు మెయిన్ ఆపమనండి. సార్, మీకు దణ్ణం పెడతాను, నన్ను నమ్మక్కర్లేదు, ఒక్కసారి ఆపించి చూడండి."

అవతల ఫోన్ కట్టయిన చప్పుడు.

ఇళవరసి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెరుగన్నం చేతికే ఎండిపోతోంది. తామరై ఆమెనే చూస్తోంది. తన చేత లేని తప్పు రాయించుకుని గదిలో పెట్టిన మనిషి భార్య కోసం ఈ పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది. రెజీనా గోడ గడియారం వైపు చూస్తూ ఏదో గొణుక్కుంటోంది.

ఫోన్ మోగింది.

"తామరై ఉందా అక్కడ?" మాసిలామణి గొంతు. పోలీసు గొంతు కాదది.

"చెప్పండి సార్."

"పక్కింటివాళ్లకి ఫోన్ చేసి మెయిన్ ఆపించి, నేను ఇంటికొచ్చాను. మా ఆవిడ చెంబు పట్టుకుని మిషను పక్కనే నిలబడి ఉంది. నీళ్లు పోయబోతుంటే ఆగిపోయిందట. వైరు కోసి చూశాను. పిన్నులు మూడు. తీగలు రెండు."

ఆయన వెనక నుంచి ఒక ఆడగొంతు ఖంగున వినిపిస్తోంది. "మినప్పప్పు సగం నలిగి ఆగిపోయింది. బంగారం లాంటి వైరు కోసేశారు. రేపు పొద్దున అందరికీ ఇడ్లీలు మీరు పెడతారా? బతికున్నానా లేదా అని అలా చూస్తారేంటి?"

మాసిలామణి ఆ తిట్లన్నీ విన్నాడు. ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.

"చచ్చిపోయిందని చెప్పమన్నది ముదలాళి," అన్నాడు చివరికి. "పిల్ల పని ఎగ్గొట్టిందనే అనుకున్నాను. భయపడితే త్వరగా రాసి ఇస్తుందన్నాడు. చెప్పింది మాత్రం నేనే. ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు తామరై."

"ఆమెకి చెప్పేది తర్వాత చూద్దాం. ఆ వైరు ఏం చేస్తారు సార్?"

"ఇప్పుడే ఫోనొచ్చింది. ఆఫీసు వాళ్ల ఇళ్లలో మిగిలిన వైర్లు కూడా ఇప్పటికిప్పుడు తెప్పించెయ్యాలట. వ్యాను బయల్దేరిందట, ముందు మా ఇంటికే. అంటే ముదలాళికి మొదటి నుంచీ అంతా తెలుసు. తెలిసి కూడా మా ఇంట్లో దాన్ని ఇన్నాళ్లూ ఉండనిచ్చాడు." బయట హారన్ మోగింది. ఆయన గొంతు తగ్గించాడు. "వచ్చేశారు. పెరటి గుమ్మం గుండా బయటపడుతున్నాను. మా ఆవిడ కూడా నాతోనే వస్తోంది. వైరు నా చేతిలోనే ఉంది. ఎక్కడికి రమ్మంటావు?"

"మారాత్తాళ్ ఇంటికి రండి. మీరేం చెప్పినా ముందు ఆవిడకి చెప్పాలి. అక్కడి నుంచి అందరం కలిసి లేబరు ఆఫీసుకి వెళ్దాం."

ఫోన్ పెట్టేసి తామరై తిరిగి చూసింది. ఇళవరసి అప్పటికే చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, జుట్టు ముడి బిగించుకుంటోంది. రెజీనా గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి పట్టుకుంది.

"దారిలో అమ్మ దగ్గర ఒక్క నిమిషం ఆగుదామా మేడమ్?" అంది ఇళవరసి స్కూటీ ఎక్కుతూ. "ఆమెని కూడా ఎక్కించుకుందాం. ముగ్గురం పడతాం."

"ముగ్గురు ఎక్కితే ఫైనేస్తారే!" అంది తామరై, బండి స్టార్ట్ చేస్తూ. "సరేలే, జరుగు."